కుక్కకు చెప్పి నాకు నేర్పిన ఈత

మా అత్త పోయిందన్న కబురు నాకు కోదాడ కాడ అందింది. మందను తోలుకొని ఆ దిక్కు పోయి పదిహేను దినాలయింది. ఎండ నెత్తి మీదికొచ్చిందని గొర్లను నీడకు ఆపి సద్దిమూట విప్పుతున్న. ఎవరో ఒకాయన సైకిల్ దిగి, "మూసి దిక్కు నుంచి గొర్రెలు తోలుకొచ్చింది మీరేనాండీ?" అని అడిగిండు. కోదాడోళ్ల మాట జర ఆంధ్ర దిక్కు మొగ్గుతది. నేనే అన్న. "మీ అత్తగారు పోయారంటండీ. మూడు రోజులు జ్వరమంట. మీ ఊరాయన సంతలో చెప్పి పంపించాడు" అన్నడు. అంత మర్యాదగ చెప్పేసరికి నాకు ముందు సమజ్ కాలె. ఎవరో పెద్దింటామె ముచ్చట అనుకున్న. మా అత్తను ఎవ్వరన్న "గారు" అనంగ నేను పుట్టి వినలె.

మందను తోటి కాపరికి అప్పజెప్పి, మోటారెక్కి సూర్యాపేటల దిగి, ఆడికెల్లి నడిసి, మూసి దాటి ఊరు చేరేసరికి మట్టి పోసి రెండు దినాలయింది. ఎండకాలం గనుక మూసిల మోకాలు లోతు నీళ్లే ఉండె. ఆ మోకాలు లోతు నీళ్లల్ల నిలబడి నేను ఏడ్సిన. ఊరోళ్లు "అయ్యో, కడసారి ముఖం సూడకపోతివి గద" అని బాధపడ్డరు. నేను తలకాయ ఊపిన. నిజం చెప్పాలంటే, ఆమె బతికుండంగ నేను ఆ ముఖం ఒక్కటంటే ఒక్కసారి సూసిన. అది ఎట్ల సూసిన్నో చెప్పేటందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

నేను పుట్టి పెరిగింది సూర్యాపేటల. మాది గొర్ల కులమే గని మా నాయిన గొర్లను ఎప్పుడో అమ్మేసిండు. నేను నాలుగో జమాతు దాక చదివి బట్టల దుకాణంల పనికి కుదిరిన. పొద్దంత బట్ట కొలుసుడు, చింపుడు, మడత పెట్టుడు. ఇరవై ఆరేండ్లకు పెండ్లి కుదిరింది. పిల్ల ఊరు మూసి అవతల, వేములపల్లి దిక్కు. ఒక్కతే బిడ్డ, మామ కాలం చేసిండు, మంద ఉన్నది, ఇల్లరికం రావాలె అన్నరు. సరే అన్న. దుకాణం సేటు పగలబడి నవ్విండు. "గుడ్డలు కొలిసేటోనివి, గొర్లను కొలుస్తవారా?" అన్నడు.

మా దిక్కు అత్త అల్లుని ముందటికి రాదు. సొంత మేనత్త అయితే జర నడుస్తది. మాది బయటి సంబంధం, ఇగ చెప్పేదేమున్నది! నేను వాకిట్ల అడుగు పెట్టంగనే ఆమె కొంగు ముఖం మీదికి గుంజుకొని అర్రలకు పోయేది. నేను అరుగు మీద ఉంటే ఆమె తలుపు సాటుకు. ఒక్క ఇంట్ల ఉండి నేను సూసింది ఆమె వీపు, మడిమెలు, కాళ్ల కడియాలు. అంతే. అన్నం నా భార్య పెట్టేది. "ఇంకింత పెట్టు, మొహమాట పడుతున్నడు" అని అర్రల నుంచి వినబడేది. నేను మొహమాట పడేది నిజమే. కంచం సప్పుడును బట్టి ఆమె అది ఎరుకపట్టేది. పొద్దుమీకి గొర్లు దొడ్లెకు వస్తుంటె ఎనుకకు తిరిగి నిలబడి కూడ, "కుంటి గొర్రె రాలె, పోయి సూడుండ్రి" అనేది. ఆమె చెవులు అసొంటివి.

మామ పోయినంక ఏడేండ్లు ఆ మందను ఏరు దాటించింది ఆమెనే. వానలు పడి చేన్లు విత్తినంక మా ఊర్ల గొర్లకు మేసే జాగ ఉండది. మందను మూసి అవతలి గుట్టలకు తోలాలె. గొర్లు ఈదుతయి గని వాటి ముంగట మనిషి తల కనబడాలె. ఆ తల ఎటు పోతే ముందు పొట్టేలు అటు పోతది, పొట్టేలు ఎటు పోతే మంద అటు. ఆ ముందు నడిసే మనిషికి కుక్క ఈత పనికి రాదు, ఎల్లకిల ఈత పనికి రాదు. బార ఈత రావాలె. బోర్ల పండుకొని, ఒక చెయ్యి ఎనుక ఒక చెయ్యి బారెడు ముందుకు సాపి, నీళ్లను ఎనుకకు గుంజుకుంట పోవుడు. పారేటి ఏటిని కోసుకుంట పోయే ఈత అదొక్కటే. మా అత్త బార ఈత గురించి మూడు ఊర్ల ఆడోళ్లు చెప్పుకునేటోళ్లు.

అసొంటామె నా పెండ్లయిన మొదటి సలికాలం గడ్డివాము మీదికెల్లి జారి పడ్డది. కుడి జబ్బ ఇరిగింది. పసరు కట్టు కట్టిండ్రు గని చెయ్యి మల్ల చెవి దాక లేవలె. ఎండకాలం మొదట్ల మా మామకు అన్న, నాకు పెదమామ, ఇంటికొచ్చి అరుగు మీద కూసున్నడు. నన్ను సూసి సూడనట్టే సూసి, తలుపు దిక్కు తిరిగి అన్నడు.

"మరదలా, ఇగ నీతోటి గాదు. అల్లుడంటవా, దుకాణపోడు. నీళ్లంటే ఆయనకు తానం నీళ్లే ఎరుక. ఈ వానకాలం నీ మందను మా మందల కలుపు. మేం దాటిస్తం, మేమే మేపుతం."

కలిసిన మంద మల్ల ఎప్పుడు ఇడివడది. అది ఆయనకు ఎరుకే, తలుపు ఎనుక ఉన్నామెకు ఎరుకే. మంద పోతే ఆ ఇల్లు పెదమామ ఇంటి పెండ ఎత్తుకుంట బతకాలె. తలుపు సాటు నుంచి మా అత్త గొంతు వచ్చింది. ఒక్క మాటనే.

"మా అల్లుడు దాటిస్తడు బావా."

నేను బీడీ తాగుతున్న. పొగ అడ్డం పడ్డది. పెదమామ లేసి, తువ్వాల దులుపుకొని, "సూస్తం" అని పోయిండు. నేను లోపటికి ఉరికి నా భార్యను అడిగిన, "మీ అమ్మకు ఏమన్న మతి ఉన్నదా? నాకు ఈత రాదు గద!" అని. "ఎరుకే" అన్నది. "మరి?" అన్న. "రేపు పొద్దుగాల మోటబాయి కాడికి రమ్మన్నది" అని నవ్వుకుంట చెప్పింది.

మీరే చెప్పుండ్రి. ఆమె నా ముఖం సూడది, నేను ఆమె ముఖం సూడరాదు. నీళ్లల్లకు దిగాలంటే గోచి పెట్టాలె. గోచి పెట్టుకొని అత్త ముందట నిలబడ్డ అల్లుడు ఈ లోకంల ఎవడన్న ఉన్నడా? రాత్రంత నిద్ర పట్టలె. తెల్లారి పోయి సూస్తే ఆమె బాయి కుడి దరి మీద, బాయికి వీపు పెట్టి, ఆముదం చేను దిక్కు తిరిగి కూసున్నది. నెత్తి మీద కొంగు. మెట్ల మీద తాడు కట్టి రెండు ఎండు సొరకాయ బుర్రలు పెట్టున్నయి. వాటిని నడుముకు కట్టుకొని దిగాలన్న మాట. నేను దిగిన. నీళ్లు నడుము దాక రాంగనే "ఓయమ్మ" అన్న.

మొదటి దినం నా భార్య నడుమ నిలబడి ఆమె మాటలు నాకు చెప్పాలె అనుకున్నరు. కని నేను బుర్రల మీద తేలుకుంట గింజుకునేది సూసి దానికి నవ్వు ఆగలె. నవ్వి నవ్వి కూలబడ్డది. "కడుపుల పిల్ల ఉన్నది, గట్ల నవ్వొద్దు, ఇంటికి పో" అని తల్లి దాన్ని ఎల్లగొట్టింది. ఇగ బాయి కాడ మిగిలింది ఆమె, నేను, మా మంద కుక్క నల్లోడు.

నాతోటి సీదా మాట్లాడొద్దాయె. మాట్లాడకుంట నేర్పరాదాయె. నల్లోడు పోయి ఆమె పక్కన పండుకున్నడు. ఆమె వాని దిక్కు తిరిగి, "ఒరే నల్లోడా, ముఖం నీళ్లల్ల పెట్టనోనికి ఈత ఎట్లొస్తదిరా?" అన్నది.

నల్లోడు తోక ఊపిండు. నేను ముఖం నీళ్లల్ల పెట్టిన.

ఆనాటి నుంచి నలభై దినాలు ఆమె నల్లోనికి ఈత నేర్పింది. "నల్లోడా, కాళ్లు మోకాళ్ల కాడ ఇరుస్తున్నవ్. తొడకెల్లి ఆడియ్యాలె." "నల్లోడా, ఊపిరి కడుపుల దాసుకుంటున్నవ్రా. నీళ్లల్ల ముఖం ఉన్నప్పుడు ఊపిరి ఇడువు, నాకు బుడబుడ వినబడాలె. దాసుకున్న ఊపిరే మనిషిని ముంచుతది." వీపు తిప్పుకొని కూసున్నామె ఒక్క తప్పు ఇడిసిపెట్టకపోయేది. నా ఎడమ చెయ్యి చెంప మీద కొట్టినట్టు పడితే ఆమెకు వినబడేది. కాళ్లు మునిగితే వినబడేది. నేను సాటుగ మెట్టు మీద కాలు పెట్టి నిలబడితే, ఆ సప్పుడు ఆగుడు కూడ వినబడేది. "నల్లోడా, మెట్టు మీద నిలబడెటోడు ఏటి నడుమ దేని మీద నిలబడతడురా?"

నాకు కోపం తక్కువేం గాదు. ఒక్కదినం "సోమరి ముండకొడుకా" అని నల్లోన్ని అన్నది. నేను బుర్రలు ఇప్పి పడేసి ఇంటికొచ్చిన. "నన్ను కుక్కను తిట్టినట్టు తిడుతున్నది మీ అమ్మ. నేను సూర్యాపేటకు పోత" అన్న. నా భార్య రొట్టె కొట్టుకుంట తల ఎత్తకుంటనే, "నిన్నెవరు తిట్టిండ్రు? కుక్కను తిట్టింది గద" అన్నది. తెల్లారి మల్ల పోయిన.

నడుమంత్రంగ ఒక్కదినం ఆమె అన్న మాట మాత్రం నన్ను నిజంగ పొడిసింది. "నల్లోడా, నీళ్లల్లకు దుకాణపోని బార తెచ్చినవ్రా. మూరెడు గుంజి బారెడు అంటున్నవ్" అన్నది. నీళ్లల్ల ఉండి కూడ నా చెవులు కాలినయి. ఎందుకంటే అది నిజం. సేటు నాకు నేర్పిన మొదటి పనే అది. బట్టను గుంజి పట్టి, వేలు జర లోపటికి పెట్టి కొలిస్తే గజానికి రెండు అంగుళాలు మిగులుతయి. పదేండ్లు అట్ల కొలిసి కొలిసి నా చెయ్యి నిండ సాగుడే మరిసింది. ఈ ముచ్చట నేను ఎవ్వరికి చెప్పలె. ఆమె నీళ్ల సప్పుడుల విన్నది. "బట్ట కొనేటామె కండ్లు కప్పొచ్చు నల్లోడా. నీళ్లకు కండ్లు లేవు, ఏం కప్పుతవ్?" అన్నది. ఆనాడు నేను మొదటిసారి నా చెయ్యిని జబ్బ కాడి నుంచి వేళ్ల కొస దాక సాపిన. బాయి సగం మూడు బారలల్ల అయిపోయింది. ఇప్పటికి నేను దేనికి తక్కువ కొలువ. అది నా గొప్ప గాదు, ఆమె గొప్ప.

ఒక్క తప్పు మాత్రం ఆమె పట్టలె. అది తప్పని నాకు తెల్వదు, ఆమెకు తెల్వదు. మెట్ల కాడి నుంచి ఎదురు గోడ దాక బార ఈత కొట్టేది, వచ్చేటప్పుడు మోట తాడు పట్టుకొని వచ్చేది. పోయేటప్పుడు ఆమె ఎప్పుడు నా కుడి దిక్కే. ఊపిరి కోసం ముఖం పక్కకు తిప్పాలె గద, నేను ఎడమకే తిప్పేటోన్ని. కుడికి తిప్పితే అత్త దిక్కు సూసినట్టయితది! ఆమె వీపే అటున్నది, అయినా సిగ్గు. "నోరు అటు దిక్కు తెరుస్తున్నడు, మంచిగున్నది" అని ఆమె కూడ అన్నది. అల్లునికి మర్యాద ఎరుకని సంబరపడ్డది కావచ్చు. మా ఇద్దరి మర్యాద కలిసి నన్ను ఎంతకు తెచ్చిందో జర ఆగి చెప్త.

బుర్రలు ఒక్కటొక్కటి ఊడినయి. రెండోది తీసిన దినం నేను గోడ ముట్టి, తాడు పట్టకుంట తిరిగి, కుక్క ఈతనో ఏదో ఒక ఈత కొట్టుకుంట మెట్ల మీదికొచ్చి పడ్డ. దరి మీదికెల్లి, "నల్లోడా, ఇయ్యాల నీకు ఈతొచ్చింది బిడ్డా" అన్నది. ఆ మాపటికి నల్లోనికి నెయ్యి రాసిన జొన్నరొట్టె దొరికింది. నా కంచంల కోడికూర పడ్డది.

ఇగ ఏటి ముచ్చట. వానలు దిగినయి. ఆ రోజులు మంచియి గావు. రజాకార్ల భయానికి ఏరు దాటించే పుట్టి నడిపేటాయన ఊరిడిసి పోయిండు, లేకుంటే మునిగితే పట్టుకునేటందుకు నా పక్కపొంటి పుట్టి ఉండేది. మూసి ఎర్రగ పారుతున్నది. ఒడ్డు మీద పెదమామ, ఆయన ఎనుక సగం ఊరు. జర ఎడంగ, ఏటికి వీపు పెట్టి, సొరకాయ బుర్రలు పక్కన పెట్టుకొని మా అత్త. ఆయన మంద కూడ సిద్ధంగ ఉన్నది, మాది కలుపుకునేటందుకు. "ఏమయ్యా అల్లుడూ, దిగుతవా?" అన్నడు. ముందు పొట్టేలు మెడ నిమిరి నీళ్లల్లకు దిగిన. ఎనుక పొట్టేలు దిగింది. దాని ఎనుక మంద దిగింది.

పది ఇరవై బారలు మంచిగనే పోయిన. నడుమకు పోంగనే తెలిసింది. మా ఊరి ఒడ్డు నుంచి అవతలికి పోతుంటె ఏరు ఎడమ దిక్కు నుంచి వస్తది. నేను ఊపిరి కోసం ఎడమకు తిప్పుత, అల వచ్చి నోట్ల పడుతది. మల్ల తిప్పుత, మల్ల నీళ్లే. దగ్గొచ్చింది. కండ్లు చీకట్లయినయి. ఎనుకకు తిరుగుదామంటే, నేను తిరిగితే పొట్టేలు తిరుగుతది, మంద తిరుగుతది. ఏటి నడుమ తిరిగిన మంద ఒకదాని మీద ఒకటెక్కి మునుగుతది, ఒక్కటి దక్కది. పెద్ద గడప దగ్గర నిండు నెలలతోటి కూసున్న నా భార్య యాదికొచ్చింది. ఖతం అనుకున్న.

ఒడ్డు మీద ఆమె విన్నది. నా దగ్గు విన్నదో, బారల సప్పుడు తప్పింది విన్నదో, నాకు తెల్వదు. నేను ఇడిసిన ఆ బుర్రలనే సంకల కింద కట్టుకొని, లేవని చెయ్యితోటి ఊరంత సూస్తుండంగ ఏట్లె దుంకింది. ఒంటి చేత్తో నాకు కుడి దిక్కుకు వచ్చింది.

"అల్లుడా! ఇటు తిరుగు! నా దిక్కు తిరుగు!"

నేను తిరుగలె. నవ్వకుండ్రి. సావు నోట్లకు వస్తున్నా నాకు మర్యాద పోలె. ఎడమకే తిప్పి ఇంకో బుక్కెడు మింగిన. అప్పుడు ఆమె ఏరు దద్దరిల్లెటట్టు అరిసింది.

"నీళ్లల్ల వరస లేదురా కొడుకా! నా ముఖం సూడు!"

తిప్పిన. బారెడు దూరంల మా అత్త ముఖం. నెత్తి మీద కొంగు లేదు. చిన్న ముఖం. చెంపల మీద అమ్మవారు పోసిన మచ్చలు, గదుమ మీద పచ్చబొట్టు, ముందటి పన్ను ఒకటి లేదు. నా భార్య కండ్లు ఎక్కడికెల్లి వచ్చినయో అప్పుడు తెలిసింది. ఆ దిక్కు అల లేదు. నిండ ఊపిరి దొరికింది. "ఆఁ, ఇడువు. ఇడిసి మల్ల సూడు" అన్నది. ముఖం నీళ్లల్ల పెట్టి ఇడిసిన. మల్ల తిప్పిన, మల్ల ఆమెనే. ఒక్కొక్క బారకు ఒక్కొక్కసారి ఆ ముఖం సూసుకుంట, ఊపిరి పీల్సుకుంట ఏరు దాటిన. ఎనుక పొట్టేలు ముక్కు సప్పుడు వినబడుతనే ఉన్నది.

కాలికి ఇసుక తగిలినంక ఆమె ముందుగాల చేసిన పని కొంగు ముఖం మీదికి గుంజుకునుడు. నాకు వీపు పెట్టి కూసొని, గొర్లు ఒక్కొక్కటి ఒడ్డెక్కుతుంటె విన్నది. అన్ని వచ్చినయని ఆమెకే ముందు తెలిసింది. నేను దండం పెడదామంటే ముందటికి పోరాదాయె. నల్లోడు నీళ్లు దులుపుకుంట వచ్చి మా నడుమ నిలబడ్డడు. "నల్లోడా, నీళ్లు తగ్గేదాక గీడనే ఉండుమని అత్తకు చెప్పురా" అన్న. నా జీవితంల ఆమెతోటి నేను మాట్లాడిన మాట అదొక్కటే. "ఇంట్ల బిడ్డ ఒక్కతే ఉన్నది, నేను పోవాలెనని చెప్పు నల్లోడా. అల్లుడు మందను సూసుకుంటడని కూడ చెప్పు" అన్నది.

చెప్పి మల్ల ఏట్లెకు దిగింది. ఆ తర్వాత రెండేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నం, నాకు బిడ్డ పుట్టింది, ఆ బిడ్డను ఆమె నడక రాకముందే తొట్టి నీళ్లల్ల ఆడించింది. నాకు మాత్రం మల్ల తలుపు సాటే. అయినా ఆమె ఎవరంటే, మా అత్త అని ఛాతి మీద చెయ్యి పెట్టుకొని చెప్పేటోన్ని. ఇప్పుడు కూడ చెప్త. నన్ను మొగోన్ని చేసింది ఎవరని అడిగితే నేను ఆమె పేరే తీస్త.

ఆనాడు నేను గొర్ల నడుమ నిలబడి సూస్తున్న. ఏరు ఆమెను కిందికి గుంజుతున్నది. ఆమె పక్కకు ఒరిగి, ఒక్క ఎడమ చేత్తోనే బారలు వేసుకుంట పోతున్నది. చెయ్యి లేస్తున్నది, పడుతున్నది. మా ఊరి ఒడ్డు మీద పెదమామ ఆమెతో పాటు ఒడ్డు పట్టుకొని కిందికి నడుస్తున్నడు. ఆమె ఎక్కడ తేలుతదో ఆ కాడికి పోయి, భుజం మీది గొంగడి తీసి ఇసుక మీద పరిసిండు. పరిసి పది అడుగులు ఎనుకకు జరిగి, ముఖం పక్కకు తిప్పుకొని, తలపాగ చేతిల పట్టుకొని నిలబడ్డడు. ఆమె నీళ్లల్లకెల్లి లేసింది. ఆ గొంగడి కప్పుకొని, ఎవ్వరి దిక్కు సూడకుంట, ఊరి బాట పట్టింది.